పెద్ద చక్రాల బండి మీద పిట్ట అభిప్రాయం

మేడ మీద గది,
జూన్ మొదటి వారం

పిట్టా,

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. విడాకుల కాగితం మీద సంతకాలు పెట్టింది మీ అన్న, నేను. నువ్వు ఎక్కడా పెట్టలేదు. కాబట్టి చట్టం ఏం చెప్పినా, మీ పెద్దమ్మ ఏం చెప్పినా, నేను నీకు వదిననే, నువ్వు నాకు ఆడపడుచువే. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నాకు రాయమను. జవాబు నేను చెప్పుకుంటాను.

కొత్త ఫోను నంబరు ఇవ్వలేదని అలిగి ఉంటావు. ఫోనులో నువ్వు మాట్లాడుతుంటే వెనక గదిలోంచి మీ అన్న దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గు తప్ప ఇంకో మాట వినపడని ఇల్లనే కదా నేను ఇంత దూరం వచ్చింది. కాగితం దగ్గదు. అందుకని ఉత్తరాలే.

కొత్త మాన్‌స్టర్ ట్రక్ కిట్ తెప్పించుకున్నాను. మనం బళ్ళు నడిపే మైదానంలో జట్టు అంతా ఏడాదిగా కలవరించిన రిమోట్ బండే. పెట్టె నా మంచంలో సగం ఆక్రమించింది. మూత మీద బొమ్మ చూశావా? తండ్రి రిమోట్ పట్టుకుని నవ్వుతుంటాడు. కొడుకు గెంతుతుంటాడు. తల్లి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇరవై ఏళ్ళ బట్టి బళ్ళు బిగిస్తున్నాను, స్క్రూడ్రైవరు పట్టుకున్న ఆడదాన్ని ఇంతవరకు ఏ పెట్టె మీదా చూడలేదు. ఆ పళ్ళెంలో నల్ల ఇంకుతో ఒక స్క్రూడ్రైవరు గీశాను. ఇప్పుడు కాస్త నయం.

చిక్కు ఏమిటంటే, చదివేవాళ్ళు లేరు. మన బల్ల దగ్గర పద్ధతి నీకు చెప్పక్కర్లేదు. పుస్తకం పట్టుకుని నువ్వు మెట్టు మెట్టుగా చదివేదానివి, మీ అన్న ఒక ఇరుసు, నేను ఒక ఇరుసు బిగించేవాళ్ళం. బిగించేవాళ్ళు పుస్తకం చూడకూడదు. చూస్తే చేతులకి తొందరెక్కువై రెండు మెట్లు దాటేస్తాయి. ఆ నియమం పెట్టింది నేనే, ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది. పుస్తకం బోర్లా పెట్టి కూర్చున్నాను. నాకు నేనే చదువుకుంటే అది చదవటం కాదు, గొణుక్కోవటం.

నువ్వు ఉత్తరాల్లో చదివిపెట్టు. ముక్కలు సంచుల్లో వచ్చాయి కదా, సంచికో ఉత్తరం. బస్టాండులో మైకు పట్టుకుని ఊరందరికీ చదువుతావు, వదినకి చదవలేవా?

ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు పిట్టా. ఆ ఇంట్లోంచి నేను తెచ్చుకోవాలనుకున్నవి రెండే, టూల్‌బాక్సూ నువ్వూ. టూల్‌బాక్సు చేరింది.

నీ వదిన

*

ఇల్లు, వంటగది బల్ల,
జూన్ చివర

వదినా,

అలిగాను. ఉత్తరం చదివాక అలక ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. నీకు చదవాలంటే నా ముందూ ముక్కలుండాలి కదా, అందుకని నేనూ ఒక కిట్ తెప్పించాను. నవ్వకు. స్క్రూడ్రైవరు ఏ కొస పట్టుకోవాలో నాకు తెలుసు.

మైదానం వార్తలు. బండి మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, ఒకరిది ఒకరికి పడదు. ఈ మోటారు ఫ్యానుకి పెడితే ఈగ కూడా కదలదంటాడు బ్యాటరీ బాబాయి. టైర్లు రాయిలా ఉన్నాయి, గడ్డి మీద జారుతుందంటాడు కళ్ళజోళ్ళ షాపాయన. నట్టు మాష్టారు అయితే పెట్టె తెరవనే లేదు. తెరిస్తే దాని పరువు పోతుందట. మూత మీద బొమ్మ చూసే మూడు పేజీల అభిప్రాయం రాసి జట్టులో అందరికీ పంచాడు. అందరికన్నా ఆయనదే బాగుందన్నారు. నీ అభిప్రాయం ఏమిటని ఎవరూ అడగలేదు, కానీ నువ్వు నిలబడే చోట ఎవరూ నిలబడటం లేదు. భయమో మర్యాదో నాకు తెలీదు.

మొదటి సంచి, మధ్య గేరుపెట్టె. చదువుతున్నాను, చేతులు తుడుచుకో. చిన్న గేరుని పొడుగు కడ్డీకి ఎక్కించు, దాని పక్కన సన్నటి ఉంగరం వెయ్యి. ఉంగరం ఎగిరి మంచం కిందికి పోతుంది, ముందే దుప్పటి పరుచుకో. గేర్లు రెండూ కలిసేచోట కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత లాగెయ్యి. కాగితం ముడతలు పడాలి, చిరగకూడదు. మూత పెట్టి మూలకో స్క్రూ. అయ్యాక రాయి. అప్పటిదాకా రెండో సంచి ముట్టుకోకు.

నువ్వు అడగలేదు, తెలుసు. అయినా అన్నయ్య బాగానే ఉన్నాడు.

పిట్ట

*

మేడ మీద గది,
జులై

పిట్టా,

మీ అన్న బాగున్నాడో లేడో నేను అడగలేదు. అడగలేదని తెలిసీ రాయటం ఏ రకం మర్యాద? ఆ వాక్యం ఇకమీదట వద్దు. ఆ చోట్లో ఇంకో స్క్రూ గురించి రాయి.

గేరుపెట్టె అయింది. నా అభిప్రాయం ఎవరూ అడగలేదన్నావు కాబట్టే చెప్తున్నాను. మైదానంలో గట్టిగా చదువు. తిరిగే ప్రతి చోటా బేరింగు ఉండాలి. వీళ్ళు దాని బదులు చవక ప్లాస్టిక్ బుష్ పెట్టారు. బేరింగులు విడిగా అమ్ముతారట. అంటే బండి అరిగిపోతుందని చేసినవాడికి ముందే తెలుసు. అరిగాక మళ్ళీ మన దగ్గరికే వస్తారులే అని కూర్చున్నాడు. ఇది బొమ్మలకే పరిమితమైన జబ్బు కాదు. మా ల్యాబులో కట్టుడుపళ్ళు చేస్తాం. నాసిరకం పొడితో పోసిన పన్ను తొందరగా విరుగుతుందని తెలిసీ యజమాని అదే పొడి తెస్తాడు. చేరిన రెండో వారమే అడిగాను. “మీరు పళ్ళు చేస్తే చాలమ్మా, కరవక్కర్లేదు” అన్నాడు.

కరిచాను. నలుగురి ముందే కరిచాను. ఆ నలుగురూ నా వెనక నిలబడతారనుకున్నాను. తలలు దించుకుని అచ్చుల్లో పళ్ళు పేర్చుకున్నారు. అప్పట్నుంచి మధ్యాహ్నం భోజనం దగ్గర నా పక్క కుర్చీ ఖాళీ. వాళ్ళని తిట్టను. పిల్లలున్నవాళ్ళు. కానీ ఆ కుర్చీ మీద సంచి పెట్టుకుంటే, అక్కడ ఎవరో ఉన్నట్టు ఉంటుంది.

మొన్న సోమవారం పొద్దున మెట్ల మీద ఇంటివాళ్ళ ముసలాయన “ఏమ్మా, బాగున్నావా” అని పలకరిస్తే గొంతు పెగల్లేదు. రెండుసార్లు సవరించుకోవాల్సి వచ్చింది. శనివారం సాయంత్రం ల్యాబులోంచి వచ్చినప్పటి నుంచి నోరు తెరవలేదని అప్పుడు తెలిసింది. నేను, పిట్టా. మీ వీధిలో నా నోటికి భయపడని మనిషి లేడు.

నీ ఉత్తరం మాత్రం పైకే చదివాను. నీ బస్టాండు గొంతుతో. ఉంగరం ఎగిరింది. దుప్పటి కాపాడింది. రెండో సంచి చదువు.

నీ వదిన

*

ఇల్లు, వంటగది బల్ల,
ఆగస్టు

వదినా,

నీ అభిప్రాయం మైదానంలో చదివాను. గట్టిగానే. బ్యాటరీ బాబాయి చప్పట్లు కొట్టాడు. నట్టు మాష్టారు మాత్రం “ఇంత కోపంగా బండి బిగిస్తే స్క్రూలు తుప్పు పడతాయి” అన్నాడు. పెట్టె తెరిచి చూపించండి, తర్వాత తుప్పు సంగతి మాట్లాడదాం అన్నాను. నిజంగా అన్నాను. కొంచెం మెల్లిగా అన్నాను.

రెండో సంచి, ఇరుసులు. ముందు ఇరుసు పెట్టెలో పెద్ద పళ్ళచక్రం బండికి ఎడమవైపు ఉండేలా పెట్టి మూత వెయ్యి. వెనకది కూడా ఇలాగే. ఇంతే రాసి ఉంది. మూత స్క్రూలు ప్లాస్టిక్‌లోకే దిగుతాయి, కాబట్టి మొండిగా తిప్పొద్దు. స్క్రూ మూలిగేదాకా తిప్పి, అక్కడ ఆగి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పాలి. అప్పుడు అది జీవితాంతం ఊడదు.

మూడోది, చివరి సంచి కూడా ఇందులోనే చదివేస్తున్నాను, కుదుపులు ఆపే షాకులు. మూలకి రెండు చొప్పున ఎనిమిది. వాళ్ళిచ్చిన నూనె నీళ్ళలా ఉంది, పోసినా ఒకటే పోయకపోయినా ఒకటే. కుట్టుమిషను నూనె కాదు, కాస్త చిక్కటిది దొరికితే పొయ్యి. పోశాక వెంటనే మూత పెట్టకు. కడ్డీని మెల్లిగా కిందికీ పైకీ ఆడించి, బుడగలు పైకొచ్చేదాకా నిలబెట్టి ఉంచు. తొందరపడితే లోపల గాలి మిగిలి బండి కప్పలా గెంతుతుంది.

ఇక్కడ వానలు. బస్సులన్నీ ఆలస్యం. మైకులో “చింతిస్తున్నాం” అని చదివీ చదివీ ఇంటికొచ్చాక పాలు పొంగినా అదే అంటున్నాను.

పిట్ట

*

మేడ మీద గది,
ఆగస్టు చివర

పిట్టా,

నీకు చెయ్యి తిరిగిందే. షాకుల సంగతి ఇంత బాగా చెప్పావంటే ఇన్నాళ్ళూ నిన్ను పుస్తకానికి కట్టేసి తప్పు చేశాం. బుడగలు వచ్చాయి, ఆగాను, మూత పెట్టాను. వేలితో నొక్కితే మంచి తలుపు మూసుకున్నట్టు దిగుతోంది.

పై డొప్పకి రంగు కూడా వేశాను. పారదర్శకం కదా, లోపలి వైపు నుంచి వెయ్యాలి, ముందు గీతలు, తర్వాత అసలు రంగు. గోధుమరంగు వేశాను. మంటల బొమ్మలు అతికించలేదు. బండికి మంటలెందుకు, ఎవరి కొంప కాల్చటానికి?

ఇక చెప్పాల్సింది చెప్తాను. ఆదివారం తీసుకెళ్ళాను. మా వీధి చివర సామాన్ల గోదాము ఒకటి ఉంది, సెలవురోజు దాని ముందు స్థలమంతా ఖాళీ. నేల మీద పెట్టి, బ్యాటరీ తగిలించి, మీట నొక్కాను. బండి గర్జించింది. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఒళ్ళంతా వణుకుతోంది, అంగుళం పోదు. వంగి చూస్తే ముందు చక్రాలు ముందుకి తిరుగుతున్నాయి, వెనక చక్రాలు వెనక్కి. ఉన్నచోటే ఉండి నేల గీరుతోంది.

గోదాము వాచ్‌మన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు చూసి, “ముందువాటికీ వెనకవాటికీ మాటల్లేవేమోనమ్మా” అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. బండిని చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఆయన వెనకనుంచి ఇంకేదో అంటూనే ఉన్నాడు. పాపం, ఆయనకీ ఆదివారమే.

నువ్వు చదివినట్టే చేశాను పిట్టా. అక్షరం తప్పలేదు. ఎక్కడ పోయింది?

నీ వదిన

*

ఇల్లు, వంటగది బల్ల,
సెప్టెంబరు

వదినా,

బండి విప్పకు, మొత్తం విప్పకు. వెనక ఇరుసు ఒక్కటే. వెనక ఇరుసు బండికి తిరగేసి ఎక్కుతుంది కదా, అందుకని దాని పళ్ళచక్రం కుడివైపు రావాలి. పుస్తకంలో బొమ్మ అలాగే ఉంది, మాటల్లో మాత్రం “ఇలాగే” అని ఉంది. నేను మాటలు చదివాను, బొమ్మ చదవలేదు. తప్పు నాదే. చింతిస్తున్నాను, ఈసారి మైకులో కాదు.

వెనక చక్రాలు రెండూ తియ్యి. ఇరుసు మూత ఊడదీసి పళ్ళచక్రాన్ని రెండో వైపుకి మార్చు. పళ్ళు ఎలాగూ బయటికి వచ్చాయి కాబట్టి పాత గ్రీజు తుడిచి కొత్తది రాయి. వేలితో రాయకు, ఎక్కువవుతుంది. అగ్గిపుల్ల మందు తీసేసి, ఆ కొస పళ్ళతో బాగా నమిలితే పీచు విడి చిన్న కుంచెలా అవుతుంది. దాంతో పన్నుకీ పన్నుకీ మధ్య సన్నగా రాయి. మూత పెట్టే ముందు కడ్డీని చేత్తో తిప్పి విను. గరగర ఉంటే చక్రం ఇంకా కూర్చోలేదని. జారినట్టు తిరిగితే బిగించెయ్యి.

ఆ వాచ్‌మన్‌కి మళ్ళీ వెళ్ళి చూపించు.

పిట్ట

*

మేడ మీద గది,
సెప్టెంబరు

పిట్టా,

అగ్గిపుల్ల నమలటం నీకెప్పుడొచ్చింది?

ఇంకొకరు తాగిన గ్లాసు మూడుసార్లు కడిగే మనిషివి నువ్వు. పెన్ను మూత కూడా నోట్లో పెట్టుకోవు. ఈ భూమ్మీద గ్రీజు కోసం అగ్గిపుల్ల నమిలేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ తుక్కు నేను బల్ల మీంచి ఇరవై ఏళ్ళు ఏరిపారేశాను. అప్పుడు వెనక్కి వెళ్ళి నీ ఉత్తరాలన్నీ చదివాను. స్క్రూ మూలగటం. బుడగలు పైకొచ్చేదాకా నిలబెట్టటం. కడ్డీ తిప్పి వినటం. నీ చేతిరాతలో మీ అన్న కూర్చుని ఉన్నాడు. దగ్గొక్కటే తక్కువ.

ఆయన దుర్మార్గుడని నేను ఏ రోజూ అనలేదు. కొట్టలేదు, తాగలేదు, తిట్టలేదు. “నోట్లో నాలుక లేని మనిషి, అలాంటివాణ్ణి వదులుకుందే” అని మీ బంధువులందరూ నన్ను ఆడిపోసుకున్నారు. నోట్లో నాలుక ఉంది పిట్టా. నాకోసం దాన్ని కదిపే అవసరం ఆయనకి కనపడలేదు. పాత ల్యాబులో జీతాల కోసం పని ఆపి నేను ఉద్యోగం పోగొట్టుకున్న రోజు గుర్తుందా? వచ్చి ఆ బల్ల దగ్గరే చెప్పాను. నువ్వు పుస్తకం మూసేశావు. ఆయన తలెత్తి చూసి “ఆ పొట్టి స్క్రూ ఎక్కడ పెట్టావ్” అన్నాడు. మౌనం పెద్ద గుణమని మగవాళ్ళకి ఎవరు నూరిపోశారో గానీ, పక్కనున్న మనిషిని లేనట్టు చెయ్యటానికి అంతకన్నా సులువైన పనిముట్టు లేదు. అది చేతికి మరకంటనివ్వదు.

ఇప్పుడు ఈ వెనక ఇరుసు చూడు. ఆయనకి బొమ్మ చూడక్కర్లేదు, చెయ్యి చెప్తుంది. నువ్వు “ఇలాగే” అని చదివావు, అది తప్పని ఆయన చేతికి తెలిసింది, నోరు మెదపకుండా సరిగ్గా పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న నీకు తెలియలేదు. నువ్వు నాకు తప్పు రాశావు. ఆయన మౌనం టపాలో ప్రయాణం చేసి వచ్చి ఇక్కడ గోదాము ముందు నా బండి ఆపింది.

కిట్ మీద నేను అడిగింది నీ మాట. నీ పేరు పెట్టి ఆయన మాట పంపావు. ఆయనతో మాట్లాడాలంటే నేను ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

వదిన

*

ఇల్లు, వంటగది బల్ల,
అక్టోబరు

వదినా,

అవును, అన్నయ్యే.

నీ మొదటి ఉత్తరం వచ్చాక కిట్ తెరిచి ముక్కలు పరుచుకుని కూర్చున్నాను. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, తిన్నగా నీ కుర్చీలో కూర్చున్నాడు. తనదాంట్లో కాదు, నీదాంట్లో. నేను చదివాను, తను బిగించాడు. ఎవరికోసం చదువుతున్నానో అడగలేదు. తెలుసు. వెనక ఇరుసు విషయం నువ్వు రాసింది చదివి వినిపిస్తే “దానికి చెప్పు, అగ్గిపుల్లతో రాయమని” అన్నాడు. ఆ నెలంతా ఈ ఇంట్లో తను అన్న పొడుగాటి మాట అదే. దాన్ని రాయకుండా ఎలా దాచుకోను? ఎవరో ఒకరితో మాట్లాడాడు కదా అనిపించింది. నీతోనైనా.

నిన్ను మోసం చెయ్యాలని కాదు. నువ్వు అడిగినవి నాకు తెలీవు. రోజంతా మైకులో ఎవరో రాసిచ్చింది చదువుతాను. బస్సు ఆలస్యమని చదువుతాను, ఎందుకు ఆలస్యమో నాకెవరూ చెప్పరు. ఇంటికొచ్చి పుస్తకం చదివేదాన్ని. నా మాట, నా అభిప్రాయం అంటే ఏం రాయాలి? నిన్ను పోగొట్టుకుంటానేమోనని భయమేసి దొరికింది రాశాను.

నువ్వు వెళ్ళాక ఈ ఇంట్లో గోడ గడియారం కూడా ఆగిపోయింది. కొత్త బ్యాటరీ వెయ్యొచ్చు. నేనూ వెయ్యలేదు, అన్నయ్యా వెయ్యలేదు.

పిట్ట

*

మేడ మీద గది,
అక్టోబరు చివర

పిట్టా,

నలభై దాటిన మనిషికి ఒక బొమ్మబండి మీద అభిప్రాయం లేదంటే నేను నమ్మను. లేకపోవటం వేరు, ఎవరూ అడక్క మూలపడి ఉండటం వేరు.

అడుగుతున్నాను. ఆ బండి నువ్వు ఒక్కదానివే తీసుకెళ్ళి, నువ్వే నడిపి, ఏమనిపించిందో రాయి. బాగుందనో బాలేదనో. రెండు ముక్కలైనా చాలు. మీ అన్న ఆ కాగితం చూడకూడదు.

అది వచ్చేదాకా నా నుంచి ఉత్తరం ఉండదు. బెదిరింపే. అలాగే అనుకో.

వదిన

*

బస్టాండు, మైకు గది,
డిసెంబరు

వదినా,

రెండు నెలలు పట్టింది. నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఇక్కడే కూర్చుని రాస్తున్నాను, మధ్యలో బస్సులొస్తే ఆపుతాను. నా అభిప్రాయం ఇదిగో.

డ్యూటీ అయ్యాక, పాత బస్సులు నిలబెట్టే వెనక ఆవరణలో నడిపాను. బండి బాగా పరిగెడుతుంది. గుంత వస్తే దూకుతుంది. ఎందుకు దూకాలో నాకు అర్థం కాలేదు. చూడటానికి చక్రాలు నా తలంత ఉన్నాయి, లోపల అంతా గాలే. చప్పుడెక్కువ. కాస్త వేగంగా తిప్పితే బోర్లా పడుతుంది. పడితే తనంతట తను లేవలేదు. ఎవరో ఒకరు అక్కడిదాకా నడిచి వెళ్ళి తిప్పి పెట్టాలి.

నా అసలు అభిప్రాయం ఈ చివరి ముక్క దగ్గర ఉంది. మైదానంలో ఆ నడిచేది నేను. ఎండలో, బురదలో, నీ బండి పడితే నీ బండి దగ్గరికి, అన్నయ్యది పడితే అన్నయ్యదాని దగ్గరికి. “పిట్టా, పడింది” అని నువ్వు అరిచేదానివి. అన్నయ్య అరవకుండా చెయ్యి చూపించేవాడు. నాకు రెండూ ఒకటే. పెట్టె మీద పళ్ళెం పట్టుకున్న ఆవిడని చూసి నీకు కోపం వచ్చింది. ఒక్కసారి నడుపుతావా అని రిమోట్ నా చేతికి నువ్వూ ఎప్పుడూ ఇవ్వలేదు.

ఒక్క నిమిషం, బస్సు.

వచ్చాను. వదినా, నాకు ఈ బళ్ళంటే ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. పెట్రోలు బంకు వాసన కన్నా ఆ గ్రీజు వాసనంటే నాకు వెగటు. మీ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చునేది అవి బిగించేటప్పుడే, అందుకని చదివాను. మైదానానికి వచ్చింది నీ పక్కన నిలబడటానికి. నువ్వు వెళ్ళిపోయాక బండి లేకపోతే నీకు నాతో పనేముంటుందని ఆ కిట్ కూడా తెప్పించాను.

బండి ఇక్కడ లాకరులో పెట్టి తాళం వేశాను. మళ్ళీ నడపను. అన్నయ్య అడగలేదు. అడిగితే ఇదే చెప్తాను.

నువ్వు అడిగావు కాబట్టి రాశాను. ఇక రాయాలో వద్దో నువ్వు తేల్చుకో.

పిట్ట

*

మేడ మీద గది,
జనవరి

పిట్టా,

నీ అభిప్రాయంతో నేను రెండు చోట్ల ఏకీభవించను. చక్రంలో గాలి ఉండటం లోపం కాదు, దెబ్బ తట్టుకోవటానికి. గుంత వస్తే ఎందుకు దూకాలన్న దానికీ నా దగ్గర జవాబుంది. ఇవి రెండూ ఒక పేజీ నిండా రాశాను. రాశాక చూస్తే మిగతాదానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవటానికే రాసినట్టుంది. ఆ పేజీ పంపటం లేదు.

మిగతాదంతా ఒప్పుకుంటున్నాను. రిమోట్ ఇవ్వలేదు. ఇవ్వాలని తోచలేదు. తోచకపోవటాన్నే ఇన్నేళ్ళూ మీ అన్నలో చూసి తిట్టాను.

నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆ ఊళ్ళో అన్నీ పోగొట్టుకున్నా ఆ మైదానం ఒకటి మిగిలిందనుకున్నాను. అక్కడ నా పక్కన నిలబడ్డ మనిషి బండిని చూడటం లేదని తెలిశాక, ఆ మైదానం కూడా వెనక్కి జరిగింది. తర్వాత ఇంకోటి తోచింది. బండిని చూడకపోతే, మరి ఆ మనిషి ఇన్నేళ్ళూ ఎవర్ని చూస్తూ నిలబడింది? అది తోచాక కోపం నిలవలేదు. నిలబెడదామని చూశాను, నీకు తెలుసు కదా నా సంగతి.

బండి లేకుండా నీకు ఉత్తరం రాయటం నాకు చేతకావటం లేదు. అలవాటు లేదు. ప్రయత్నిస్తాను.

పొద్దున లేస్తాను. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, దాని మీద తడి మరక, ఎండాకాలంలో చిన్నదవుతుంది, ఇప్పుడు పెద్దదైంది. టీ పెట్టుకుంటాను. రెండు గ్లాసుల నీళ్ళు పోసేస్తాను, చేతి లెక్క అలా అలవాటైంది, మిగిలింది సాయంత్రం వేడి చేసుకుంటాను. ల్యాబుకి నడిచే వెళ్తాను. ఎవరివో తెలియని పళ్ళు చేస్తాను. పై పళ్ళ వరస చెయ్యటం నాకిష్టం, నవ్వితే కనపడేవి అవే. వచ్చేటప్పుడు కూరలు కొనుక్కుంటాను. కూరలమ్మాయి “ఇంకేం కావాలక్కా” అంటుంది, ఏమీ అక్కర్లేకపోయినా ఇంకోటి అడుగుతాను. వండుకుంటాను, తింటాను, గిన్నె కడుగుతాను.

ఇంతే పిట్టా. ఇంకా ఏదో ఉంటుందనుకుని పెద్ద కాగితం తీసుకున్నాను, సగం ఖాళీగా మిగిలింది. చదివితే నీకు విసుగొస్తుంది. వస్తే వచ్చిందని రాయి.

ఇప్పుడు నీ రోజు రాయి. లేచిన దగ్గర్నుంచి. బస్సుల ముందుదీ, తర్వాతదీ. పొద్దున నువ్వు టీ తాగుతావో పాలు తాగుతావో కూడా నాకు గుర్తు రావటం లేదు.

వదిన